మునగాల దివాను పెట్టిన పోటీలు

హైదరాబాదునుండి విజయవాడకు పోవు పెద్దబాటలో సూర్యాపేట దాటి కోదాడ చేరకమునుపే మునగాల తగులును. బస్సు అచ్చట క్షణకాలము నిలిచి సాగిపోవును. ఇప్పుడది సూర్యాపేట జిల్లాలోనిది. 2016వ సంవత్సరమునకు ముందు నల్లగొండ జిల్లాలో నుండెను. ఆంగ్లేయుల పరిపాలన కాలములోనో, నాలుగువైపుల నిజాము రాజ్యము చుట్టియుండగా నడుమ ద్వీపమువలె నిలిచిన కృష్ణాజిల్లా పరగణా అది. ఆ పరగణా జమీందారుకు దివానుగా పనిచేసిన కొమర్రాజు వేంకటలక్ష్మణరావుగారిని మన విద్యార్థులు చరిత్రకారుడనియు, విజ్ఞానసర్వస్వ నిర్మాతయనియు ఒక్క వాక్యములో చదివి పరీక్ష వ్రాసి మరచిపోవుదురు. శాస్త్రవిద్యను యువకులకు రుచింపజేయుటకై పోటీలు, పరీక్షలు, పతకములు అను ఉపాయమును తెలుగునాట తొలుత పన్నినవారిలో ఆయన యొకరని చెప్పువారు తక్కువ. నల్లగొండ, మహబూబునగరు ప్రాంతపు పాఠశాలలలో ఏటేట వైజ్ఞానిక ప్రదర్శనలు జరుగుచున్నవి. అట్టలు, తీగెలు, బ్యాటరీలు పట్టుకొని పిల్లలు బస్సులెక్కుదురు. ఆ దినములలోనైనను ఆయన పేరు ఒకసారి వినిపింపవలసినది.

లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరము మే నెలలో కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున జన్మించిరి. మూడేండ్ల ప్రాయముననే తండ్రి వేంకటప్పయ్యగారు గతించుటచే, తల్లి గంగమాంబగారితోడను అక్క అచ్చమాంబగారితోడను సవతియన్న శంకరరావుగారి పోషణలో పెరిగిరి. వారి అక్షరాభ్యాసపు దినములు గడచినది భువనగిరిలో. ఊరి నెత్తిన ఒకే బండగా నిలిచిన ఆ కొండ, దానిపై కోట, నేటికిని రైలులో పోవువారికి దూరమునుండియే కనబడును. అనగా ఆయన బాల్యమునకును ఉద్యోగమునకును కూడ పాత నల్లగొండ జిల్లాయే ఆటపట్టు. ఒకటి జిల్లాకు ఉత్తరపు కొస, మరియొకటి తూర్పు కొస.

అచ్చమాంబగారిని భండారు మాధవరావుగారికిచ్చి వివాహము చేసిరి. ఆయన మధ్యపరగణాలలో ఇంజనీరు. అక్క తమ్ముని వెంటబెట్టుకొని నాగపూరు ప్రాంతమునకు పోయెను. ఆనాటి కుటుంబములలో ఆడపిల్లను బడికి పంపు ఆచారము లేదు. తమ్ముడు చదువుచుండగా ప్రక్కను కూర్చుండి ఆమె అక్షరములు నేర్చుకొనెను. అట్లు నేర్చిన చదువుతోనే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వ్రాసి తెలుగు రచయిత్రులలో ముందువరుసను నిలిచెను. బడిలో పేరు లేనివారు సహితము శాస్త్రము నేర్వగలరని లక్ష్మణరావుగారు తరువాతి కాలమున అంత గట్టిగా నమ్ముటకు ఆ ఇంటి అనుభవమే మూలమేమో యని నాకు తోచుచుండును. ఆయన వ్రాసియుంచిన మాట కాదిది, నా ఊహ మాత్రమే.

నాగపూరులో ఆయన మరాఠీని మాతృభాషవలె నేర్చిరి, ఆ భాషలోని పత్రికలకు వ్యాసములు వ్రాసిరి. అచ్చట ఆయన కండ్లబడిన విషయమొకటి కలదు. మహారాష్ట్రులు తమ చరిత్రమును, తమ శాస్త్రములను తమ భాషలోనే వ్రాసికొనుచుండిరి. వంగదేశీయులును అంతే, నగేంద్రనాథ వసువు కూర్చిన వంగ విశ్వకోశము ఇరువదిరెండు సంపుటములుగా 1911 నాటికి ముగిసెను. తెలుగున కావ్యములున్నవి, శతకములున్నవి, వ్యాకరణములున్నవి. మెరుపు ఏల మెరయును, చలిజ్వరము ఏల వచ్చును, ఇనుము ఏల త్రుప్పుపట్టును అని అడిగిన పిల్లవానికి అందీయదగిన పుస్తకములు మాత్రము వ్రేళ్ళమీద లెక్కింపదగినన్నియు లేవు. మొదట శివాజీ చరిత్రమును తెలుగున వ్రాసిన ఈ యువకుని మనస్సు ఆ కొఱతవైపు తిరిగెను.

ఎం.ఏ. పట్టము పొందిన పిమ్మట ఆయన మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారి కొలువున దివానుగా చేరిరి. దివాను పనియనగా శిస్తులు, కౌళ్ళు, అన్నిటిని మించి వ్యాజ్యములు. మునగాల సంస్థానమునకు వ్యాజ్యములు చాలనుండెను. వానికై ఆయన పడిన శ్రమ, తిరిగిన తిరుగుడు అంతయింత కాదు. జమీందారీ కొలువును, లోకోపకారమైన విద్యావ్యాసంగమును ఒక్క మనిషిలో ఎట్లు ఇమిడెనని నేటివారికి అనుమానము కలుగవచ్చును. మునగాల రైతుల బాధలు తరువాతి దశాబ్దములలో పెద్ద ఆందోళనములకు దారితీసినవి. ఆ సంస్థానపు జీతము తినిన దివానునకు దానితో పొత్తే లేదని అనుట సరికాదు. కాని జమీందారును ఒప్పించి, ఆ ధనములో కొంత గ్రంథాలయములకు, గ్రంథములకు మరల్చినవారును ఈ దివానుగారే.

1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసినది. రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజావారు, లక్ష్మణరావుగారు దాని స్థాపకులలోని ముఖ్యులు. నేడు ఆ సంఘటనను చెప్పుకొనుట సులభము. నిజాము రాజ్యమున కచేరీల భాష ఉర్దూ, బడులలో పైతరగతుల భాషయు ఉర్దూయే. తెలుగు ఇంటిలో మాటాడుకొను భాషగా మాత్రమే మిగిలియుండెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపించి, దానికై ప్రత్యేకముగ అనువాదశాలను పెట్టి, పాశ్చాత్య శాస్త్రములను ఉర్దూలోనికి తెప్పించిరి. దేశభాషలో ఉన్నత శాస్త్రవిద్య చెప్పవచ్చునని చూపిన ఆ కార్యము గొప్పదే. అయితే దేవరకొండనుండియో, నాగరుకర్నూలునుండియో పోయిన తెలుగు బాలునికి ఆ దేశభాష తన ఇంటిభాష కాదు. ఆంగ్లేయ ప్రాంతపు బాలునికి ఇంగ్లీషు ఎట్లో, వీనికి ఉర్దూ అట్లే. శాస్త్రమునకు ముందు ఒక భాషను గెలువవలెను.

1906లో హైదరాబాదులోనే విజ్ఞానచంద్రికా మండలి పుట్టినది. లక్ష్మణరావుగారితోబాటు గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, ఆచంట లక్ష్మీపతి, రావిచెట్టు రంగారావుగారలు అందు పాల్గొనిరి. మండలి తొలిగ్రంథము హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము. ఒక సంస్థానపు దివాను నడపు గ్రంథమాలకు కట్టెలుకొట్టి బ్రదికి దేశాధ్యక్షుడైనవాని కథ మొదటి పుస్తకమగుట విశేషమే. కొలది కాలమునకు మండలి మదరాసుకు తరలినది. అచ్చట గ్రంథమాల విస్తరించినది. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము, కట్టమంచి రామలింగారెడ్డిగారి అర్థశాస్త్రము ఇందులోనివే. వానితోబాటు పదార్థవిజ్ఞానము, రసాయనము, ప్రాణిశాస్త్రము, వ్యవసాయము, వైద్యము మొదలగు విషయములపై తేలికయైన గ్రంథములు వరుసగా వెలువడజొచ్చెను.

పుస్తకము అచ్చువేసినంత మాత్రమున చదువువారు పుట్టరని లక్ష్మణరావుగారికి తెలియును. ఈ సంగతి ఉపాధ్యాయమిత్రులకు వేరుగ చెప్పనక్కరలేదు. బీరువాలో తాళము వేసిన గ్రంథాలయములను వారు చాల చూచియుందురు. అందువలన మండలి పరీక్షలు నడుపనారంభించినది. తాను ప్రకటించిన గ్రంథములనే ఆధారముగ చేసికొని, చరిత్రమునందును ప్రకృతిశాస్త్రములందును పోటీపరీక్షలు పెట్టి, మేలుగ నెగ్గినవారికి బహుమానములును పతకములును ఇచ్చెడివారు. నవలలు వ్రాయువారికిని పోటీలుండెను. ఇవి సర్కారువారి పరీక్షలు కావు. వీనిలో నెగ్గినందున గుమాస్తాపని దొరకదు, జీతము పెరుగదు. రసాయనశాస్త్రము చదివి తెలుగులో జవాబు వ్రాసిన యువకునికి దక్కునది ఒక పతకము, పత్రికలో పేరు, నలుగురిలో గౌరవము మాత్రమే. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి దక్కెను. శాస్త్రవిషయమును గూర్చి తన భాషలో ఒక పుట వ్రాయగల శక్తి వానికి అలవడెను.

ఆ కాలమున అది సామాన్యమైన శక్తి కాదు. వ్రాయబూనిన పిల్లవానికి అడుగడుగున మాట దొరకదు. పాశ్చాత్యులు పెట్టిన పేరునే తెలుగు లిపిలో వ్రాయవలెనా, సంస్కృతమునుండి క్రొత్తపదము కట్టవలెనా, కుమ్మరి, కమ్మరి, కంసాలి వాడుకలో నున్న మాటనే గ్రహింపవలెనా? ఉదజని, ఆమ్లజని అను పదములను బడిలో చదువుకొనిన పెద్దలు మనలో నేటికిని కలరు. అటువంటి పారిభాషికపదములు ఒకనాటి రాత్రి ఒక పండితుని గదిలో పుట్టి స్థిరపడవు. వేలమంది చదివి, వ్రాసి, తప్పులు దిద్దుకొనిన పిమ్మట నిలుచును. మండలి పరీక్షలు ఆ అరుగుదలకు ఒక బండవలె పనిచేసినవి.

అదే కాలమున హంగేరీ దేశమున జరిగిన పనిని దీనితో పోల్చిచూడవలెను. 1894లో అచ్చటి గణితభౌతిక సంఘమువారు, ఐత్వశ్ అను భౌతికశాస్త్రజ్ఞుని గౌరవార్థము, ఉన్నతపాఠశాల ముగించిన బాలురకు గణితపు పోటీ నొకటి నెలకొల్పిరి. 1916లో భౌతికశాస్త్రమునకును పోటీ పెట్టిరి. విమానశాస్త్రమున ప్రసిద్ధికెక్కిన కార్మాను, పరమాణుశాస్త్రమున పేరుగాంచిన సిలార్డు, టెల్లరు అను వారు బాలురుగా ఆ పోటీలలో బహుమతులు పొందినవారే. ఆ చిన్నదేశము తన పోటీలను తన హంగేరియను భాషలోనే జరుపుకొనెను. అయితే వారికిని మనకును ఒక భేదము కలదు. వారి పోటీ వెనుక బడులు, బడుల వెనుక విశ్వవిద్యాలయములు, వానిలో ప్రయోగశాలలు ఉండెను. విజ్ఞానచంద్రికా మండలి వెనుక నున్నవి చందాదారుల పట్టిక, కొందరు మిత్రులు, ఒక జమీందారుని ఔదార్యము మాత్రమే.

ఈ లోపము మండలి పరీక్షల స్వరూపముననే కనబడును, దానిని దాచి ప్రయోజనము లేదు. అవి కలము పరీక్షలు, చేతి పరీక్షలు కావు. ఆమ్లమునకు సున్నపురాయి తగిలిన పొంగునని వ్రాసినవాడు ఆ పొంగును కన్నులార చూచియుండెనో లేదో పరీక్షాధికారికి తెలియు మార్గము లేదు. పుస్తకమునుండి పుస్తకమునకు నడచిన శాస్త్రము మన దేశమున కంఠపాఠమునకు దగ్గర చుట్టము. లక్ష్మణరావుగారు ఇది యెరుగనివారు కారు. తన సొంత చరిత్రపరిశోధనలో ఆయన పుస్తకమును మాత్రమే నమ్మలేదు. శాసనములను వెదకి, రాతిమీది అక్షరమును కంటితో చూచి పోల్చి వ్రాసిరి. ఆ ప్రత్యక్షదృష్టి ప్రకృతిశాస్త్రములకును వ్యాపింపవలెనన్నచో సాధనములు కావలెను, ధనము కావలెను, కాలము కావలెను. మూడును ఆయనకు చాలలేదు.

ఆయన కాలమున లోపించిన ఆ చేతిపని, తరువాతి తరములలో వైజ్ఞానిక ప్రదర్శనల రూపమున వచ్చినది. అమెరికాలో 1950లో ఫిలడెల్ఫియా నగరమున దేశమంతటి విద్యార్థులకు ప్రదర్శన జరిపిరి. మన జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలి 1971నుండి బాలల ప్రదర్శనలు నడపుచున్నది. కేంద్ర ప్రభుత్వపు ఇన్‌స్పైర్ పథకమున 6వ తరగతినుండి 10వ తరగతి వరకు చదువు పిల్లల ఊహలకు పదివేల రూపాయల చొప్పున ఇచ్చు ఏర్పాటు వచ్చినది. చేతికి పని దొరికినది. అయితే భాష?

కొన్నేండ్లక్రిందట మన ఈ ప్రాంతపు ప్రదర్శన నొకదానికి పరీక్షకులలో ఒకనిగ నేను పోయితిని. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె రెండు గాజుగ్లాసులు, కొంత పటిక, కొంత సున్నము పెట్టుకొని బల్లవద్ద నిలిచియుండెను. ఫ్లోరైడు నీటిని శుద్ధిచేయు పద్ధతి అది. ఈ జిల్లాలో ఎన్నో గ్రామముల బావినీటిలో ఫ్లోరైడు లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు మించియుండుటచే తరతరముల వారికి పండ్లు గారపట్టి, ఎముకలు బిగిసి, నడుములు వంగిపోయినవి. 1970 తరువాతి దశాబ్దమున నాగపూరులోని పర్యావరణ పరిశోధనసంస్థవారు కనిపెట్టిన పటిక, సున్నముల శుద్ధి లోకమంతట ‘నల్లగొండ పద్ధతి’ యనియే ప్రసిద్ధము. లక్ష్మణరావుగారు చదువుకొనిన నగరమునుండి, ఆయన అక్షరములు దిద్దిన జిల్లా పేరుతో ఆ పద్ధతి వెలువడుట కాకతాళీయమే.

ఆ బాలిక ఏ పుస్తకమునుండియో బొమ్మ దించుకొని వచ్చినది కాదు. సున్నము ముందేల వేయవలెనో, పటిక వేసిన తోడనే వేగముగ కలిపి పిమ్మట నెమ్మదిగ ఏల త్రిప్పవలెనో, దూదిపింజలవలె తేలిన మడ్డి ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు ఎట్లు దిగునో చక్కని తెలుగులో, తన ఊరి మాటలలో చెప్పుచుండెను. నాతోటి పరీక్షకుడొకరు అట్టమీది వివరణ ఇంగ్లీషున ఏల లేదని ప్రశ్నించి, ఆ భాషలోనే మరల చెప్పుమనిరి. ఆ పిల్ల నాలుక ఎండిపోయెను. తలవంచుకొని గ్లాసులవైపు చూచుచు నిలిచెను. బహుమతి ఇంగ్లీషు అట్టలు తగిలించుకొనిన రాకెట్టుబొమ్మకు పోయినది. ఆ బొమ్మను అంగడిలో చేయించిరని మాలో అందరికి తెలియును. ఆ నిర్ణయపత్రముపై నేనును సంతకము చేసితిని.

నాటి రాత్రి ఇంటికి వచ్చుచు నేను తలచుకొనినది మునగాల దివానుగారినే. ఆయన పరీక్షలలో ఆ పిల్ల కూర్చుండియున్నచో గ్లాసులు చూపుటకు అవకాశము లేకపోవును గాని, మాట పోగొట్టుకొనవలసిన పని లేదు.

బహుమతులిచ్చు బల్లలకు దూరముగ పుట్టిన కల్పనలును ఈ నేలమీద కలవు. ఆలేరు ప్రాంతపు శారాజీపేటలో చింతకింది మల్లేశముగారు చేసిన ఆసుయంత్రము సంగతి మన విద్యార్థులు వినియేయుందురు. చీరకు నూలు సిద్ధముచేయునప్పుడు అర్ధచంద్రాకారముగ నాటిన మేకులచుట్టు వేలకొలది మారులు చేయి త్రిప్పి దారము పోయవలెను. తల్లి భుజముల నొప్పి చూడలేక, బడిచదువు నడుమనే మానిన ఆ నేతబిడ్డ ఏండ్లతరబడి శ్రమించి 1999లో యంత్రమును నడిపించెను. 2017లో పద్మశ్రీ వచ్చినది. ఆయనకు శాస్త్రమును పరిచయము చేసినది ప్రశ్నపత్రము కాదు, తల్లి భుజము. పాలమూరు జిల్లానుండి తట్టాపారా పట్టుకొని దూరదేశములకు వలసపోయిన కూలీల ఇండ్లలోను ఇట్టి భుజములకు కొదువ లేదు. అచ్చటి ఉపాధ్యాయులు పిల్లలను ప్రదర్శనకు ఏమి చేయవలెనని అడుగునప్పుడు ఇంటిలో ఎవరికి ఎచ్చట నొప్పియని అడిగిన, చాల వస్తువులు దొరకును.

లక్ష్మణరావుగారి కథకు వత్తము. మండలి పనులు సాగుచుండగనే ఆయన మరింత పెద్దపనికి పూనుకొనిరి. సకల శాస్త్రములను, చరిత్రమును, కళలను అకారాదిక్రమమున తెలుగువారి ముందుంచు ఆంధ్రవిజ్ఞానసర్వస్వము అది. 1912 ప్రాంతమున ప్రారంభమైన ఈ యత్నమున మల్లంపల్లి సోమశేఖరశర్మవంటి యువకులు ఆయన చెంత పనిచేసి పండితులైరి. విషయములను పంచియిచ్చుట, వచ్చిన వ్యాసములను దిద్దుట, రానివానిని తానే వ్రాయుట, అచ్చుచిత్తులు చూచుట, నడుమ సంస్థానపు వ్యాజ్యములు. ఇన్ని పనులకు ఒక్క దేహము. మూడు సంపుటములు వెలువడినవి. అక్షరమాలలో తొలి అక్షరముల దగ్గరనే ఆ మహాకార్యము ఆగిపోయినది. ఒకరు ఇద్దరు కూర్చుండి చేయదగిన పని కాదది. వంగదేశమున దానిని మోసిన చందాదారులవంటివారు మనకు అంతమంది లేరు. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు దానిని మరల చేపట్టి కొంత నడిపించిరి.

1923వ సంవత్సరము జూలై 12వ తేదీన మదరాసులో లక్ష్మణరావుగారు కన్నుమూసిరి. నలుబదియారేండ్లు నిండి రెండు నెలలు కాలేదు. హైదరాబాదులో అంతకు ముందేడు పుట్టిన పరిశోధకసంఘమువారు ఆయన జ్ఞాపకార్థము తమ సంస్థకు లక్ష్మణరాయ పరిశోధకమండలియని పేరు మార్చుకొనిరి. తెలంగాణము రాళ్ళమీది అక్షరములు ఎన్నో అచ్చునకెక్కినవనిన అది ఆ మండలి చలువయే.

విజ్ఞానచంద్రిక వెలసిన 1906లోనే ఆయనకు ఒక కుమార్తె పుట్టెను. అంతకు ముందు సంవత్సరమే గతించిన అక్క పేరు ఆమెకు పెట్టుకొనిరి. తండ్రి పోవునాటికి ఈ అచ్చమాంబకు పదునేడేండ్లయిన నిండలేదు. ఆమె వైద్యశాస్త్రము చదివి, విజయవాడలో పేరుమోసిన స్త్రీవైద్యురాలై, 1957లో లోకసభకు ఎన్నికయ్యెను. తల్లులకు గర్భధారణమును, శిశుపోషణమును గూర్చి తెలియజెప్పుటకై ఆమె పుస్తకము వ్రాసెను. దానిని తెలుగుననే వ్రాసెను.